గిన్నె అడుగున పేరు

ఆర్డిస్ నైగార్డ్ ఇంటి ముందుగదే మా హెల్గెన్ ఊరి టెలిఫోను ఎక్స్ఛేంజి. కిటికీ పక్కన స్విచ్చిబోర్డు, దాని ముందు గుడ్డ చిరిగిన కుర్చీ, కుర్చీలో ఆర్డిస్. మినెసోటా చలికాలంలో గుమ్మం దాటాలంటే ముందు పార పట్టుకుని మంచు తవ్వుకోవాలి గనక, ఊళ్ళో ఎవరికి ఎవరు కావాలన్నా మొదట ఆర్డిస్ కావలసి వచ్చేది. ఆవిడ ఒక తీగ లాగి ఒక కన్నంలో గుచ్చితే రైతుకి పశువుల డాక్టరూ, అత్తగారికి అల్లుడూ దొరికేవారు. పన్నెండేళ్ళపాటు ఊరి మాటలన్నీ ఆవిడ చెవిలోంచే పోయాయి. నోట్లోంచి మాత్రం ఒక్కటీ పోలేదు. ఆ ఉద్యోగానికి కావలసిన చదువల్లా అదే. ఎవరైనా ఒక్కరు ‘ఈవిడ మా మాటలు బయట పెడుతోంది’ అని కంపెనీకి కార్డు ముక్క రాస్తే చాలు, మర్నాడు ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు.

ఇంత గుంభన గల మనిషికి చెప్పుకోడానికి సిగ్గుపడే అలవాటొకటి ఉండేది. ఫోనుకీ ఫోనుకీ మధ్య దొరికే ఖాళీలో ఆవిడ భూతాల కథలు రాసేది. ఇతర గ్రహాల నుంచి దిగేవి, నూతుల్లో పెరిగేవి, చలికి గడ్డకట్టి వేసవిలో లేచి కూర్చునేవి. ‘ఎ. నైగార్డ్’ అని సంతకం పెట్టి న్యూయార్కులో ఒక చవక పత్రికకి పంపేది. ఆ పత్రిక అట్ట మీద ఎప్పుడు చూసినా ఏదో ఒక పచ్చటి చెయ్యి ఎవరో ఒక అమ్మాయి నడుం పట్టుకుని ఉండేది. సంపాదకుడు ఈవిడని మగవాడే అనుకుని ఒక క్రిస్మసుకి చుట్టల పెట్టె పంపాడు. నలభై ఏడేళ్ళ పెళ్ళికాని మనిషి, చర్చిలో ఆర్గన్ వాయించే మనిషి, ఆ చుట్టలు ఏం చేసిందో అడిగే ధైర్యం ఈనాటికీ నాకు లేదు.

పోస్టుమాస్టరు హాల్వర్ అమ్‌డాల్‌కి మాత్రం ఆ లావుపాటి కవర్ల సంగతి తెలుసు. ఆడమనిషి న్యూయార్కుకి అంత లావు కవరు దేనికి పంపుతుంది? పిండి కంపెనీ వాళ్ళు పెట్టే వంటల పోటీకే అయ్యుంటుంది, అని ఆయన తేల్చేశాడు. భార్య ఇంగాకి చెప్పాడు. ఇంగా ఎవరికీ చెప్పకూడదని అనుకుంటూనే నలుగురికి చెప్పింది. దాంతో, పాపం ఆర్డిస్ ఏటా పోటీకి పంపుతూ ఏటా ఓడిపోతోందని ఊరంతా జాలిపడడం మొదలెట్టింది. దారిలో కనిపించినవాళ్ళు కారణం చెప్పకుండా భుజం తట్టి పోయేవాళ్ళు. అది చాలదన్నట్టు బోర్గిల్డ్ స్కార్, తల్లి తనకొక్కదానికే చెప్పిన మాంసపుండల చిట్కా కాగితం మీద రాసి తెచ్చి, “ఇది పంపు. ఈసారి ఎలా గెలవవో చూస్తాను” అని చేతిలో పెట్టి వెళ్ళింది.

బోర్గిల్డ్ ఆర్డిస్‌కి వెనక వీధి. యాభై దాటిన విధవరాలు, పిల్లల్లేరు. ఆవిడకున్నది ఒకటే వ్యాపకం. ఎవరింట్లో మనిషి పోయినా, పురుడొచ్చినా, కాలు విరిగినా, కొత్తవాళ్ళు దిగినా రెండు గంటలు తిరక్కుండా ఆవిడ హాట్‌డిష్ ఆ ఇంటి గుమ్మంలో ఉండేది. మాంసం, బంగాళాదుంపలు, పైన పుట్టగొడుగుల సూపు పోసి పైన ఎర్రటి పొర కట్టేదాకా కాల్చిన గిన్నె. గిన్నె అడుగున తెల్లటి ప్లాస్టరు పట్టీ, దాని మీద సిరాతో ‘బి. స్కార్’. అలా పట్టీ అంటించడం మా వైపు అందరూ చేసేదే. చర్చి కింద గదిలో ఒకేసారి ముప్ఫై గిన్నెలు చేరినప్పుడు ఎవరిది ఎవరిదో తెలియాలి కదా.

చిక్కంతా ఆ పట్టీతోనే వచ్చింది.

అంతకు మూడేళ్ళ ముందు ఒక జనవరి పొద్దున ఆర్డిస్ ఒక కథ రాస్తోంది. ఎక్కణ్ణించో వచ్చిన ప్రాణి ఒకటి రైతు ఇంటి నేలమాళిగలో చేరుతుంది. దాని దగ్గరికి ఒకావిడ గిన్నెతో వెళుతుంది. గిన్నె అడుగున పట్టీ మీద పేరుండాలి. ఏం పేరు? స్విచ్చిబోర్డు మీద బోర్గిల్డ్ గిన్నె ఉంది, ముందురోజు ఆర్డిస్‌కి జలుబు చేసిందని తెచ్చింది. దాన్ని తిరగేసి, తర్వాత మారుద్దాంలే అనుకుని, ఉన్నది ఉన్నట్టు రాసేసింది. సరిగ్గా అప్పుడే బోర్డు మీద దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. టోలెఫ్సన్ల కొట్టం అంటుకుంది. మూడు గంటలపాటు తీగలు లాగి గుచ్చి, లాగి గుచ్చి, ఆవులన్నీ బయటపడ్డాయని విన్నాక, ఆర్డిస్ కాగితాలు కవర్లో పెట్టి పంపించేసింది. పేరు సంగతి మళ్ళీ గుర్తుకు రాలేదు.

కథ అచ్చయింది. హెల్గెన్‌లో ఎవరూ చదవలేదు. ఆ తర్వాత కాలిఫోర్నియా నుంచి ఒక సినిమా కంపెనీ దాన్ని కొంటామని రాసింది. ఆర్డిస్ సంతకం పెట్టి పంపి, ఆ సంగతి చుట్టల పెట్టె పక్కనే దాచేసింది.

1958 అక్టోబరులో ‘నేలమాళిగలో ఆకలి’ మా ఊరి లిరిక్ థియేటరుకి వచ్చింది. ఆ శనివారం సాయంత్రం ఊరంతా అక్కడే ఉంటే ఇక ఎవరు ఎవరికి ఫోను చేస్తారని ఆర్డిస్ బోర్డు వదిలేసి మరీ వెళ్ళింది. చర్చికి తప్ప ఆవిడ బోర్డు వదలడం పన్నెండేళ్ళలో అదే మొదటిసారి. చివరి వరసలో కూర్చుంది. ‘ఒక పత్రికా కథ ఆధారంగా’ అని తెర మీద పడింది గాని ఎవరి కథో పడలేదు. ఆవిడకి ప్రాణం కుదుటపడింది, కొంచెం బాధ కూడా వేసింది.

కాలిఫోర్నియా వాళ్ళు అన్నీ మార్చేశారు. ఊరు మార్చారు, ప్రాణిని తెచ్చిన వడగళ్ళవానని ఉల్కగా మార్చారు. గాజులా, నీళ్ళలా నిశ్శబ్దంగా ఉండాల్సిన ప్రాణి, తడిసిన గొంగళి కప్పుకున్న ఎద్దులా బుసలు కొడుతోంది. గిన్నె పట్టుకుని ముసలావిడ మెట్లు దిగింది. రెండడుగులు వేసిందో లేదో గొంగళి మీద పడింది, ఒక కేక, కరకరమని చప్పుడు. గిన్నె మాత్రం గింగిరాలు తిరుగుతూ వచ్చి కెమెరా ముందు బోర్లా పడింది. వాళ్ళు మార్చకుండా వదిలింది ఒక్కటే. తెర నిండా, మనిషెత్తు అక్షరాలతో, ‘బి. స్కార్’.

థియేటరులో పైకప్పు లేచిపోయేలా నవ్వులు. ఈలలు, బల్లల మీద చరుపులు. ముందు నాలుగో వరసలో బోర్గిల్డ్ మెడ వెనక భాగం ఎర్రబడడం ఆర్డిస్‌కి తెర వెలుగులో కనిపించింది.

బయటికొచ్చాక మహిళా సంఘం పెద్ద ఫెర్న్ ప్లెచర్ అందరికీ వినపడేలా అంది, “బోర్గిల్డ్, నిన్ను తిన్నాక దానికి అరగడానికి ఎంత సోడా పట్టిందంటావు?”

“నన్ను కాదు, నా వంట తింటే అరిగేదే,” అంది బోర్గిల్డ్. తనూ నవ్వింది. అందరికన్నా కాస్త ఎక్కువే నవ్వింది.

“నీ పేరు వాళ్ళకెలా తెలిసిందే?”

“ప్రపంచంలో స్కార్‌లు నేనొక్కదాన్నేనా? బెర్తాలు, బెంటాలు ఎంతమంది లేరు!”

థియేటరు యజమాని ఓటిస్ ప్రూల్‌కి ఇంతకన్నా ఏం కావాలి. సోమవారానికి బయట పెద్ద బోర్డు: ‘మన బి. స్కార్‌ని భూతం మింగుట చూడండి! మరొక వారం!’ ఆర్డిస్ ఆయనకి ఫోను చేసి తీసెయ్యమంది. “ఆవిడే నవ్వుతుంటే మధ్యలో నీకేంటమ్మా?” అన్నాడాయన. దానికి ఆర్డిస్ దగ్గర ఒక జవాబుంది. కాని చెప్పలేకపోయింది.

ఆ వారం చివర ఆదివారం ప్రార్థన తర్వాత చర్చి కింద గదిలో భోజనాలు. బోర్గిల్డ్ ఎప్పట్లాగే గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టింది. మొదటివాడు మూత ఎత్తి, “లోపల అది లేదు కదా?” అని వెనక్కి దూకాడు. రెండోవాడు గరిటెతో జాగ్రత్తగా పొడిచి చూశాడు. మూడో ఆవిడ “ముందు మీరు తినండి, మీరు బతికితే నేను తింటా” అంది. అందరూ తమాషాకే చేశారు. అందరూ పక్కవాళ్ళు తింటార్లే అనుకున్నారు. భోజనాలయ్యేసరికి ముప్ఫై గిన్నెల్లో ఇరవై తొమ్మిది ఖాళీ. ముప్ఫయ్యోది పెట్టింది పెట్టినట్టే ఉంది. పెళ్ళయి ఈ ఊరొచ్చాక మొదటిసారి బోర్గిల్డ్ నిండు గిన్నె మోసుకుంటూ ఇంటికి వెళ్ళింది. కప్పులు సర్దుతూ ఆర్డిస్ అంతా చూసింది. చూసి, పైకి వెళ్ళి ఆర్గన్‌కి లేని దుమ్ము తుడిచింది.

తర్వాతి మంగళవారం పోస్టుమాస్టరు భార్య ఇంగా అమ్‌డాల్ గుండె ఆగి పోయింది. ఆ కబురు ముందు తెలిసింది ఆర్డిస్‌కే, డాక్టరుకి తీగ కలిపింది తనే గనక. మధ్యాహ్నం దాకా చూసి బోర్గిల్డ్‌కి ఫోను చేసింది.

“విన్నాను,” అంది బోర్గిల్డ్.

“మరి పొయ్యి వెలిగించావా?”

“అప్పుడే ఆరు గిన్నెలు వెళ్ళాయిట. ఏడోది ఎందుకు?”

“అదేం మాట? ఇంగా నీ...”

“చావు ఇల్లది, ఆర్డిస్. వాళ్ళు ఏడవాలి. నా గిన్నె చూస్తే నవ్వొస్తుంది.” ఫోను పెట్టేసింది.

ఇంగా అంత్యక్రియలకి బోర్గిల్డ్ నల్ల కోటు వేసుకుని, వట్టి చేతులు ఏం చేసుకోవాలో తెలియనట్టు జేబుల్లో పెట్టుకుని నిలబడింది. ఆ తర్వాత ఊళ్ళో ఒక పురుడూ ఒక విరిగిన చెయ్యీ అయ్యాయి. దేనికీ ఆవిడ పొయ్యి వెలిగించలేదు. పొద్దున్నే ఫోను చేసి ఎవరెలా ఉన్నారని అడగడం కూడా మానేసింది. ఆ గంట కోసం ఆర్డిస్ రోజూ చెయ్యి తీగ మీదే పెట్టుకుని కూర్చునేది.

రెండు వారాలు అలా కూర్చుంది. సంగతి చెప్పేస్తే ఏమవుతుందో ఆవిడకి బాగా తెలుసు. ఊరి మాటలు వినే మనిషి కథలు రాస్తోందని తెలిశాక ఏ ఇంట్లో ఫోను ఎత్తుతారు? కంపెనీకి కార్డు ఎవరు రాస్తారో కూడా ఊహించుకుంది, ఫెర్న్ ప్లెచర్ దస్తూరీతో సహా. చివరికి ఒక పొద్దున, మరీ అవసరమైనవాళ్ళు తలుపు కొట్టమని గుమ్మానికి చీటీ అంటించి, చంకలో పత్రిక పెట్టుకుని వెనక వీధికి నడిచింది.

“బోర్గిల్డ్, నీకో మాట చెప్పాలి. కూర్చో.”

“నా వంటింట్లో నన్ను కూర్చోమంటావేంటి? నువ్వు కూర్చో.”

ఆర్డిస్ కూర్చోలేదు. పత్రిక బల్ల మీద పెట్టింది.

“ఏంటిది? ఛీ, ఆ పిల్లకి చలెయ్యదూ?”

“అందులో ఒక కథుంది. సినిమా తీసింది ఆ కథే. అది రాసింది నేను.”

బోర్గిల్డ్ పత్రిక వంక చూసింది, ఆర్డిస్ వంక చూసింది. ఆవిడ నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఆర్డిస్ ఊహించినవాటిలో లేదు.

“అయితే వంటల పోటీ?”

“ఏ పోటీకీ ఎప్పుడూ ఏదీ పంపలేదు.”

“మా అమ్మ చిట్కా! పోతూ పోతూ నాకొక్కదానికే చెప్పింది. నువ్వు గెలవాలని నీ చేతిలో పెట్టానే!”

“ఇంట్లో చేసుకుని తిన్నాను.”

“ఎలా వచ్చాయి?”

“గట్టిగా వచ్చాయి.”

“వస్తాయి మరి. నీ చేతికి తొందరెక్కువ.” అప్పటికి గాని బోర్గిల్డ్ కుర్చీలో కూలబడలేదు. “నా పేరెందుకు పెట్టావే?”

“మార్చాలనే అనుకున్నాను. టోలెఫ్సన్ల కొట్టం అంటుకుంది.”

“మూడేళ్ళ కిందటి మంటకి నన్నిప్పుడు కాల్చావా?” అంది బోర్గిల్డ్. “నన్ను చూసి నవ్వుకోడానికి రాశావా? నేనొచ్చి గిన్నె పెట్టి వెళ్ళగానే కూర్చుని రాశావా?”

“చదువుతాను, విను. విన్నాక నన్ను బయటికి గెంటు.”

ఆర్డిస్ నిలబడే చదివింది. వడగళ్ళవానతో పాటు రాలిపడ్డ ప్రాణి. ఇల్లు వదిలి పారిపోయిన రైతు. గట్టు మీద తుపాకులతో మగవాళ్ళు. “‘ఆవిడ గిన్నెకి గుడ్డ చుట్టి వాళ్ళ మధ్య నుంచి నడిచి మెట్లు దిగింది. చీకట్లో ఏదో కదిలింది. నువ్వెవరో నాకు తెలియదు, అందావిడ. ఎంత దూరం నుంచి వచ్చావో, తిని ఎంతసేపయిందో. నలభై నిమిషాలు కాల్చాను, వేడిగా ఉంది, చూసుకుని తిను.’”

“నలభై నిమిషాలేంటి?” అంది బోర్గిల్డ్. “దుంపలు పచ్చిగా ఉండవూ? యాభై అయిదు.”

“యాభై అయిదు,” అని ఒప్పుకుని ఆర్డిస్ చదువుతూ పోయింది. మగవాళ్ళు రాత్రంతా కాపలా కాసి, ఏమీ జరగక, తెల్లారి ఇళ్ళకి పోతారు. ఆవిడ తలుపు తీసేసరికి గడప మీద గిన్నె ఉంటుంది. ఆ ప్రాణి పట్టీ మీద పేరు చదువుకుని, ఇల్లు వెతుక్కుంటూ వచ్చి పెట్టి పోయింది. గిన్నెలో కరగని వడగళ్ళు, నీలంగా వెలుగుతూ ఉంటాయి. గిన్నె వట్టిగా తిరిగివ్వకూడదని దానికి కూడా ఎవరో నేర్పారని ఆవిడ అనుకుంటుంది. కథ అక్కడికి అయిపోయింది.

బోర్గిల్డ్ కుళాయి వంక తిరిగింది.

“గిన్నె తోమిందా?”

“అది... రాయలేదు.”

“రాయాల్సింది. వట్టిగా తేకపోవడం మర్యాదే. తోమకుండా తేవడం కాదు.” పత్రిక తన వైపు లాక్కుని, “అయితే అది నన్ను తినలేదన్నమాట,” అంది.

“లేదు. దానికి నువ్వంటేనే ఇష్టం. ఊరు మొత్తంలో దానికి నచ్చింది నువ్వే.”

“మరి ఆ సినిమావాళ్ళకేం రోగం?”

“ఎవర్నో ఒకర్ని దాని చేత తినిపించకపోతే జనం రారని అనుకుంటారు.”

బోర్గిల్డ్ పత్రిక మూసి, ఆ పచ్చ చెయ్యి కనిపించకుండా బోర్లించింది. “ఇది నాకొక్కదానికే చదివితే ఏం లాభం? నవ్వింది ఊరంతా కదా. రేపు గురువారం. మహిళా సంఘంలో చదువు.”

“కంపెనీకి తెలిస్తే నా ఉద్యోగం...”

“నా పేరు తెర నిండా వేశారు. నీ పేరు చర్చి కింద ముప్ఫైమంది వింటే చాలు.”

గురువారం మధ్యాహ్నం, మా వైపు అలవాటు ప్రకారం గుడ్డు కొట్టి కాచిన కాఫీ అందరి కప్పుల్లో పొగలు కక్కుతుండగా ఆర్డిస్ లేచి నిలబడింది. భూతాల కథలు రాసేది తనేననీ, గిన్నె మీద పేరు తన పొరపాటేననీ, పరధ్యానంతో ఒక మంచి మనిషిని నవ్వులపాలు చేశాననీ గబగబా చెప్పి, ఎవరూ మాట్లాడే లోపల చదవడం మొదలెట్టింది. యాభై అయిదు నిమిషాలని దిద్దుకుని మరీ చదివింది. చివరికొచ్చేసరికి ఆవిడ మెడ దగ్గర బొత్తాం ఊడిపోయి ఉంది. అంతసేపూ దాన్నే తిప్పుతోందని తనకే తెలియదు.

ముందుగా గొంతు విప్పింది ఫెర్న్ ప్లెచర్. “అంటే, ఆర్డిస్, మేం ఫోన్లో మాట్లాడుకునేవన్నీ విని నువ్వు కథలు అల్లుతున్నావన్నమాట?”

ఇదిగో వచ్చింది కార్డు ముక్క, అనుకుంది ఆర్డిస్.

“ఫెర్న్,” అంది బోర్గిల్డ్, కుర్చీలోంచి కదలకుండానే, “ఏళ్ళ తరబడి నా వంటింట్లో కూర్చుని కళ్ళారా చూసి కూడా, గిన్నె ఎంతసేపు కాలాలో సరిగ్గా రాయలేకపోయింది. నీ ఫోన్లు విని ఇదేం రాస్తుంది? నువ్వు ఫోన్లో చెప్పేది మీ అక్క వింటే చాలు.”

నవ్వులు వచ్చాయి. ఈసారి నవ్వులు వేరే వైపు పోయాయి, ఫెర్న్ కూడా కలిసింది. నవ్వి, చెంచాతో కప్పు కలుపుతూ, “ఆ ఆదివారం నాకు ఆకలేసింది బోర్గిల్డ్,” అంది నెమ్మదిగా. “నీ గిన్నె వంక చూస్తూనే ఉన్నాను. ఎవరైనా ముందు పెట్టుకుంటే పెట్టుకుందామని.” ఇంకో ఇద్దరు తలలు ఊపారు. కార్డు ఎవరూ రాయలేదు. ఫెర్న్ మాత్రం ఒక నెలపాటు ఫోను ఎత్తగానే, “ఆర్డిస్, ఇందులో భూతాలేం లేవు, మా అక్క మోకాలి నొప్పి సంగతి” అని ప్రకటించి మరీ మాట్లాడేది.

కప్పులు కడగడం అవ్వకముందే బోర్గిల్డ్ కోటు తగిలించుకుంది. “పద. నాకు పొయ్యి దగ్గర పనుంది. మాంసం నువ్వు వేయించు, తొందరపడకుండా.”

అయిదు గంటలకి ఇద్దరూ పోస్టుమాస్టరు ఇంటి వెనక తలుపు కొట్టారు. హాల్వర్ అమ్‌డాల్ తలుపు తీశాడు. చొక్కా నలిగి ఉంది. చేతిలో డబ్బా చిక్కుళ్ళు, అందులో చెంచా.

“ఆలస్యమైంది, అమ్‌డాల్ గారూ,” అంది బోర్గిల్డ్. “మూడు వారాలు. క్షమించండి.”

“మిమ్మల్ని నిజంగానే తినేసిందేమో అనుకున్నాను,” అన్నాడాయన. అని, ఆ వేళాకోళం తన నోట ఎలా వచ్చిందా అని భయపడినట్టు డబ్బా వెనక్కి దాచుకున్నాడు.

“తినలేదట. కథలో వేరేగా ఉంది. తర్వాత ఈవిడ చెబుతుంది. కూర్చోండి.”

వంటింటి బల్ల మీద పదమూడు గిన్నెలు తళతళా తోమి, ఒకదాన్లో ఒకటి పేర్చి ఉన్నాయి. మొదటి నాలుగు రోజుల్లో వచ్చినవి. ఆ తర్వాత ఎవరూ రాలేదు. ఎవరి పనులు వాళ్ళకుంటాయి.

“ఇవింకా ఇవ్వలేదేం?” అంది ఆర్డిస్.

ఆయన నేల చూశాడు. “వట్టిగా ఎలా ఇస్తాను? ఇంగా అయితే ఏదో ఒకటి చేసి పెట్టేది. నాకు కాఫీ తప్ప ఏదీ చేతకాదు. కాఫీ గిన్నెలో పోసి ఇవ్వలేం కదా. ఒకసారి తలొక స్టాంపుల కాగితం పెడదామనుకున్నాను. అది ఆఫీసు సొమ్ము.”

బోర్గిల్డ్ కిటికీలోంచి పెరడు చూసింది. “ఆ యాపిల్ చెట్టు ఎవరిది?”

“నాదే.”

“కాయలు కోయడం చేతవుతుందా?”

ఆయన ఆలోచించి, అవుతుందన్నాడు.

“అయితే రేపటికి పదమూడు గిన్నెలూ నిండుతాయి. ఆర్డిస్ పేర్లు చదివి చెబుతుంది, మీరు పంచి రండి. ప్రతి ఇంట్లోనూ కాసేపు కూర్చుని రండి, గుమ్మంలో పెట్టేసి పారిపోకుండా. ఇప్పుడు తినండి.”

ఆయన తిన్నాడు. మొదటి ముద్ద మర్యాద కోసం తిన్నాడు, తర్వాతవి మూడు వారాల ఆకలితో తిన్నాడు. ఆడవాళ్ళిద్దరూ ఆ చెంచా చప్పుడు వింటూ కూర్చున్నారు. చావు ఇంటికి మొదటి వారం అందరూ వస్తారు, అసలు ఆకలి మూడో వారంలో మొదలవుతుంది అన్న సంగతి బోర్గిల్డ్‌కి ఆ బల్ల దగ్గరే తెలిసింది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆవిడ మొదటి రోజు ఒక గిన్నె, మూడో వారం ఒక గిన్నె తీసుకెళ్ళేది. తేదీ గుర్తు చేసే పని ఆర్డిస్‌ది.

తినడం అయ్యాక అమ్‌డాల్ లేచి గిన్నె తోమబోయాడు.

“అలా ఉంచండి,” అంది బోర్గిల్డ్, కోటు బొత్తాలు పెట్టుకుంటూ. “నేను పట్టుకెళ్ళను. వచ్చే గురువారం మళ్ళీ వస్తాను, అందులో ఏం పెట్టి ఇస్తారో అప్పుడు చూద్దాం.”